మామ్మగారి స్నానం గొడవ: ఒక డిమెన్షియా కేసు, ఏడు నెలల నోట్సు

నేను నర్సుని. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి 16 ఏళ్ళయింది, మొదట్లో హాస్పిటల్ డ్యూటీలు చేశాను, ఇప్పుడు విజయవాడ, తెనాలి, గుంటూరు చుట్టుపక్కల ఇళ్ళకి వెళ్ళి మంచాన పడ్డవాళ్ళనీ మతిమరుపు జబ్బు (డిమెన్షియా) ఉన్న పెద్దవాళ్ళనీ చూస్తున్నాను, వాళ్ళ ఇంట్లోవాళ్ళకి ఎలా చూసుకోవాలో నేర్పిస్తున్నాను. ఈ కేసు రాయడానికి ఆ ఇంట్లోవాళ్ళు ఒప్పుకున్నారు. వయసు, ఊరు, కుటుంబం వివరాలు కొన్ని మార్చేశాను, ఎవరూ గుర్తుపట్టకుండా.

ఫోన్ చేసింది కోడలు. "సిస్టర్, మా అత్తయ్య స్నానం అంటే చాలు కొడుతున్నారండీ, నిన్న నా చెయ్యి కొరికారు, ఏమన్నా ఇంజెక్షన్ ఉంటే వచ్చి ఇచ్చి వెళ్తారా" అంది. నాకొచ్చే ఫోన్లలో సగం ఇలాగే మొదలవుతాయి, ఏదన్నా ఇచ్చి పడుకోబెట్టండి అని. వాళ్ళని తప్పుపట్టను, అప్పటికి ఎన్ని రాత్రులు నిద్రలేక ఉంటారో నాకు తెలుసు కాబట్టి. ఇంజెక్షన్ ఇవ్వనమ్మా, రేపు పొద్దున్న స్నానం టైముకి వస్తాను, ఊరికే చూస్తాను అన్నాను.

మామ్మగారికి 78. తెనాలి దగ్గర పల్లెటూరు, వ్యవసాయ కుటుంబం, ఐదో క్లాసు చదివారు. షుగర్ 20 ఏళ్ళుగా ఉంది. నాలుగేళ్ళ కిందట కూరలో రెండుసార్లు ఉప్పెయ్యడం, గుడినుంచి ఇంటికి దారి తప్పడం మొదలైతే న్యూరాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళారు, ఎమ్మారై, బీ12, థైరాయిడ్ అన్నీ చూసి అల్జీమర్స్ (డిమెన్షియాలో ఒక రకం) అని చెప్పి, మతిమరుపుకి ఇచ్చే డోనెపెజిల్ మాత్ర మొదలుపెట్టారు. రెండేళ్ళ కిందట మామయ్యగారు పోయారు, అప్పుడు ఆవిడని విజయవాడలో మూడో అంతస్తు ఫ్లాటుకి తెచ్చేసుకున్నారు. కొడుకు ప్రైవేటు ఉద్యోగం, పొద్దున్నే వెళ్తే రాత్రికి వస్తాడు. ఇద్దరు స్కూలు పిల్లలు. కూతురు డాలస్‌లో.

మందుల కవరు తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పోయించాను, ఎవరింటికెళ్ళినా ముందు చేసే పని అదే. అందులోనే సగం కథ దొరికింది. డోనెపెజిల్ 10 కి పెంచాక మూత్రం ఆపుకోలేకపోవడం ఎక్కువైంది (ఈ మందుతో కొంతమందికి అవుతుంది), దానికి ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆక్సీబ్యుటినిన్ రాశారు, మొదటి మందు సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. డోనెపెజిల్ మెదడులో ఎసిటైల్‌కోలిన్ (జ్ఞాపకానికి కావలసిన రసాయనం) నిలబడేట్టు చేస్తుంది, ఆక్సీబ్యుటినిన్ అదే ఎసిటైల్‌కోలిన్‌ని అడ్డుకుంటుంది, అంటే ఒక చేత్తో పోస్తూ ఇంకో చేత్తో తోడేస్తున్నట్టు. దాంతో మతి ఇంకా చెదిరింది, మలబద్ధకం వచ్చింది, గొడవలు పెరిగాయి. గొడవలు పెరిగాయని మూడో చోట రిస్పెరిడోన్ (మానసిక జబ్బులకి వాడే యాంటీసైకోటిక్ మందు) రాశారు, తగ్గలేదని డోసు పెంచారు. ఒళ్ళు బిగుసుకుపోయి, నోటివెంట చొంగ కారుతూ, ఒకరోజు పూజగది గడప దగ్గర పడ్డారు, నుదుటి మీద మూడు కుట్లు.

ఇక్కడ ఒక మాట. రిస్పెరిడోన్, ఒలాంజపిన్, క్వెటియాపిన్ లాంటి మందులు డిమెన్షియా ఉన్న పెద్దవాళ్ళలో మరణాల రిస్కు పెంచుతాయని అమెరికాలో మందులని నియంత్రించే ఎఫ్‌డీఏ 2005లోనే బాక్సు కట్టి హెచ్చరిక పెట్టించింది, 2008లో హాలోపెరిడాల్ లాంటి పాతవాటికీ అదే పెట్టింది. అలాగని అసలు వాడకూడదని నేను అనను, లేని మనుషులు కనపడి భయంతో కత్తి పట్టుకున్న పెద్దాయనకి ఆ మందే నిద్ర ఇచ్చిందని నేను కళ్ళతో చూశాను. కానీ స్నానం చెయ్యనంటే ఇచ్చే మందు అది కాదు. అలాగే ఇంట్లోవాళ్ళు సొంతంగా టక్కున ఆపెయ్యకూడదు కూడా. నేను కవరు ఫోటోలు తీసి వాళ్ళ న్యూరాలజిస్ట్‌కీ సైకియాట్రిస్ట్‌కీ ఇద్దరికీ చూపించమన్నాను, వాళ్ళు మాట్లాడుకుని ఆక్సీబ్యుటినిన్ ఆపేసి, డోనెపెజిల్ 5 కి తగ్గించి, రిస్పెరిడోన్‌ని వారాలపాటు మెల్లగా తగ్గించుకుంటూ వచ్చారు.

ఇంక మొదటిరోజు నేను చూసింది చెప్తాను.

పొద్దున 7.10. స్కూలు బస్సు 7.40 కి. ఒక పక్క బాక్సులు కడుతూ, ఒక పక్క జడలేస్తూ, మధ్యలో కోడలు వచ్చి "అత్తయ్యా లేవండి స్నానం" అని చెయ్యి పట్టుకుని లేపింది. మామ్మగారు బాత్రూం దాకా బాగానే నడిచారు. తలుపు దగ్గర ఆగిపోయారు. లోపల తెల్ల టైల్సు, తెల్ల ప్లాస్టిక్ స్టూలు, తెల్ల లైటు, ఎదురుగా వాష్‌బేసిన్ మీద పెద్ద అద్దం. "ఆవిడెవరే, ఆవిణ్ణి బయటికి పంపు" అన్నారు. కోడలు వినిపించుకోలేదు, ఎవరూ లేరత్తయ్యా అంటూ లోపలికి తీసుకెళ్ళి, "చేతులు పైకెత్తండి" అని నైటీని కిందనుంచి తలమీదుగా లాగింది. చీర కట్టడం కష్టమవుతోందని మెడదగ్గర చిన్న గుండీ ఉన్న కాటన్ నైటీలు వేస్తున్నారు ఏడాదిగా. కుడిచెయ్యి భుజం దగ్గరకొచ్చి ఆగిపోయింది, ముఖం మొత్తం గుడ్డలో ఉంది, లోపల్నుంచి ఒక మూలుగు వచ్చింది, ఆ మూలుగు నాకు బాగా తెలుసు, ఆర్థో వార్డులో రోజూ విన్నదే. నైటీ వచ్చేసింది. ఆవిడ రెండు చేతులూ ఛాతీకి అడ్డం పెట్టుకుని వంగిపోయారు. అప్పుడు షవర్ తిప్పింది. కెవ్వున అరిచి కొట్టారు, "నీళ్ళల్లో ముంచి చంపేస్తోందిరా నాయనో" అని, కింద వాచ్‌మన్‌కి కూడా వినపడేంత గట్టిగా.

మొత్తం నాలుగు నిమిషాలు. కోడలు తడిసిపోయిన బట్టలతో బయటికొచ్చి పిల్లల్ని బస్సు ఎక్కించి వచ్చి వంటింటి గట్టు పట్టుకుని నిలబడింది. నేను టీ పెడతానని వెళ్తే, నా వైపు చూడకుండానే చెప్పింది, "మొన్న నేను తిరిగి కొట్టాను సిస్టర్. చెంప మీద. మా ఆయనకి చెప్పలేదు." నేను ఆ అమ్మాయికి నీతులు చెప్పలేదు. ఎన్ని గంటలు నిద్రపోతున్నావమ్మా అని అడిగాను. మూడు, మూడున్నర అంది. కొట్టడం మళ్ళీ జరగకూడదు, జరగబోతోంది అనిపించినప్పుడు ఆవిణ్ణి టవల్ కప్పి కూర్చోబెట్టి నువ్వు బయటికి వచ్చెయ్యి, స్నానం ఆగిపోతే ఏమీ కాదు అన్నాను. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, రాత్రిపూట కూడా చెయ్యొచ్చు, అది నీ కోసం అని చెప్పి నంబరు ఫ్రిజ్ మీద అంటించాను. మన దేశంలో 60 దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన లెక్క, ఆ 88 లక్షల మందికి ఇళ్ళల్లో స్నానం చేయిస్తున్నవాళ్ళ లెక్క మాత్రం నాకు ఎక్కడా కనపడలేదు.

ముందు ఒంట్లో ఏమన్నా ఉందేమో తేల్చుకోవాలి, అది దాటెయ్యకూడదు. గొడవ జరిగిన టైములోనే గ్లూకోమీటర్‌తో చూశాం, షుగర్ మాత్రలు వేసుకునే పెద్దవాళ్ళకి పొద్దున్నే షుగర్ పడిపోయి చిరాకు రావచ్చు కాబట్టి. 118, బాగానే ఉంది. మూత్రం పరీక్ష, సోడియం నార్మల్. కానీ మోషన్ ఐదు రోజులనుంచి లేదు, దాన్ని డాక్టర్‌కి చెప్పి సరిచేశాం. భుజం కోసం పెయినాడ్ స్కేల్ వాడాను. నొప్పి అని నోటితో చెప్పలేనివాళ్ళ కోసం చేసిన స్కేల్ అది, ఊపిరి, మూలుగు, ముఖం, ఒళ్ళు బిగపట్టడం, ఓదారిస్తే ఊరుకుంటున్నారా లేదా అని ఐదింటికీ 0 నుంచి 2 వరకు వేసి 10 కి కలపడం. కుర్చీలో కూర్చున్నప్పుడు 1. నైటీ లాగుతున్నప్పుడు 7. ఆర్థో డాక్టర్ చూసి భుజం పట్టేసింది, ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు, షుగర్ ఉన్నవాళ్ళలో ఎక్కువగా వస్తుంది. ఎన్నాళ్ళనుంచో ఎవరికీ తెలీదు, ఆవిడ చెప్పలేదు, చెప్పారేమో, కొట్టడమే ఆవిడ చెప్పడం.

నార్వేలో 18 నర్సింగ్ హోముల్లో 352 మంది మీద చేసిన ట్రయల్ ఒకటుంది, 2011లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చింది, నొప్పికి మందు ఒక పద్ధతిగా, చాలామందికి మామూలు పారాసెటమాలే, ఎనిమిది వారాలు ఇస్తే వాళ్ళ అలజడి 17 శాతం తగ్గింది. మా డాక్టర్ కూడా స్నానానికి ముప్పావుగంట ముందు పారాసెటమాల్ రాశారు.

రెండోది నోటుబుక్కు. పిల్లాడి పాత లాంగ్ నోటుబుక్కులో నాలుగు గళ్ళు గీయించాను: టైము, గొడవకి ముందు ఏం జరిగింది, ఏం చేశారు, తర్వాత మనం ఏం చేశాం. కోడలికి విసుగొచ్చింది, ఇంత పనిలో రాతపని కూడానా అంది, నిజమే, అందుకే రెండు ముక్కలు చాలు అన్నాను. తొమ్మిది రోజుల్లో ఏడు గొడవలు. ఒకరోజు స్నానమే లేదు. ఇంకో రోజు మాత్రం "గొడవ లేదు" అని రాసుంది. అదేంటని అడిగితే, ఆరోజు పొద్దున కరెంటు పోయింది, మోటారు లేదు, పదకొండింటికి వంటింటి వెనక వాష్ ఏరియాలో బకెట్టు పెట్టి ఎండలో పోశాను అంది. ఆవిడ ఏమీ అనలేదట, పైగా "వేడి చాల్లేవే" అన్నారట.

నేను ఆ వాష్ ఏరియా వెళ్ళి చూశాను. నాలుగడుగుల జాగా, నల్లరాయి నేల, తూముకి జాలీ, మూల చీపురు, పైన దండెం. అద్దం లేదు. షవర్ లేదు. పిల్లలు స్కూలుకి వెళ్ళిపోయారు, హడావుడి లేదు. ఇన్ని ఒకేసారి మారాయి, దేనివల్ల ఊరుకున్నారో చెప్పలేం. ఇక్కడ చాలామంది ఆగకుండా, ఆఁ తెలిసిపోయింది, అద్దం తీసేస్తే చాలు అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని ఒక తప్పు చేశాను.

బాత్రూంలో అద్దం గోడకి బిగించి ఉంది, తీయడం కుదర్లేదు. టవల్ కప్పితే ఆవిడ లాగేశారు. అప్పుడు నేను హాల్లో ఉన్న పెద్ద క్యాలెండర్ తెచ్చి అద్దం నిండా అంటించాను. వేంకటేశ్వరస్వామి క్యాలెండర్ అది. మామ్మగారు లోపలికొచ్చి, చూసి, చెప్పు లేని కాళ్ళని దగ్గరగా పెట్టుకుని రెండు చేతులూ జోడించి నిలబడ్డారు. నేను గుండీలో చెయ్యి పెట్టగానే నా చెయ్యి తోసేశారు, కోపంగా కాదు, సిగ్గుగా. "సామి ముందా?" అన్నారు. నా పదహారేళ్ళ సర్వీసులో నాకంత తలవంపు ఎప్పుడూ కలగలేదు. ఆవిడకి కోడలి పేరు గుర్తులేదు, మొగుడు పోయిన సంగతి గుర్తులేదు, కానీ దేవుడి ముందు బట్టలు విప్పకూడదన్నది ఉంది. అంటే ఆవిడ కొడుతున్నది నీళ్ళని చూసి ఒక్కటే అయ్యుండదు, మనం చేస్తున్న పని చూసి కూడా.

ఆ అనుమానాన్ని తేల్చింది డాలస్ కూతురు. ఆవిడ మీద అప్పటిదాకా ఆ ఇంట్లో అందరికీ కోపమే, ఎందుకంటే ఆదివారం వీడియో కాల్‌లో పది నిమిషాలు తల్లి చక్కగా "బాగున్నావామ్మా, పిల్లలేరీ" అంటే, "వదినా, అమ్మ నాతో బానే మాట్లాడుతోంది కదా, నీ దగ్గరే ఎందుకిలా" అనేది. ఇది దాదాపు ప్రతి ఇంట్లో ఉన్నదే. ఆ పది నిమిషాలకి ఉన్న ఓపికంతా కూడగట్టుకుంటారు పేషెంట్లు, ఫోన్ పెట్టేశాక కూలబడతారు, ఆ కూలబడటం చూసేది కోడలే. నేను ఆవిడతో విడిగా మాట్లాడి, ఎవరి తప్పులూ ఎంచొద్దమ్మా, నాకొక సాయం చెయ్యి, మీ చిన్నప్పుడు మీ అమ్మ స్నానం ఎలా చేసేవారో చెప్పు అని అడిగాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పింది, తెల్లారకముందే పెరట్లో నూతి దగ్గర, లంగా గుండెలదాకా కట్టుకుని, పీట మీద కూర్చుని, చెంబుతో పోసుకునేదండీ, ఒంటిమీద గుడ్డ లేకుండా మా అమ్మ స్నానం చెయ్యడం నేనెప్పుడూ చూడలేదు, మా నాన్న కూడా చూసుండడు.

ఇది నాకు ముందే తట్టాల్సింది. మా అమ్మమ్మా అలాగే చేసేది.

78 ఏళ్ళు గుండెలమీద లంగా లేకుండా నీళ్ళు పోసుకోని మనిషిని, తెల్లటి లైటు కింద, ఎవరో కొత్తావిడ (ఆవిడ లెక్కలో కోడలు కొత్తావిడే) నిలువునా బట్టలు లాగేసి, ఎదురుగా ఇంకో ముసలావిడ చూస్తుండగా, తలమీద వర్షంలా నీళ్ళు వదిలితే, ఆ టైములో ఎవరమైనా ఏం చేస్తాం.

అప్పుడు ప్లాను మార్చాం. బాత్రూం మానేసి వాష్ ఏరియాకే వెళ్ళాం, ఎదురు ఫ్లాటు వైపు నీలం తెర కట్టించాం. టైము పదకొండు. తలమీదుగా లాగే నైటీలు పక్కనపెట్టి, ముందు హుక్కులుండే వదులు రవికలు నాలుగు కుట్టించారు. నొప్పి ఉన్న చెయ్యి వేసేటప్పుడు ముందు, తీసేటప్పుడు చివర, ఈ ఒక్క పద్ధతి కోడలు రెండు రోజుల్లో పట్టేసింది. రవిక హుక్కులు విప్పకముందే లంగా పైకి జరిపి గుండెలమీద ముడేస్తాం, అంటే ఒక్క సెకను కూడా ఒళ్ళు బయటపడదు. నేలమీద ముదురాకుపచ్చ రబ్బరు మ్యాటు వేసి, దానిమీద లేత రంగు ప్లాస్టిక్ పీట వేశాం, ఈ జబ్బులో లోతు ఎత్తు తెలియడం తగ్గుతుంది, తెల్ల నేలమీద తెల్ల స్టూలు వాళ్ళకి కనపడదు, గాల్లో కూర్చోమన్నట్టు ఉంటుంది. పక్కన పట్టుకునే కడ్డీ ఒకటి బిగించారు.

మాట కూడా మార్చాం. "స్నానం" అన్న మాట ఎత్తడం మానేశాం, ఆ మాటకే ఒళ్ళు బిగుసుకుంటోంది. నేను వెళ్ళి పక్కన కూర్చుని, "మామ్మగారూ, శుక్రవారం కదా, కాస్త నూనె రాయనా" అంటూ గోరువెచ్చటి నువ్వులనూనె నా అరచేతిలో పోసుకుని ఆవిడ అరచేతికి రాశాను. వాసన చూసుకున్నారు. తర్వాత తనే మోచేతిదాకా రాసుకోవడం మొదలుపెట్టారు. నీళ్ళు మొదట కాళ్ళమీద, తర్వాత మోకాళ్ళు, తర్వాత వీపు, తల ఆఖర్న, అది కూడా వారానికొక్కసారి. చెంబు మనం పట్టుకోం, ఆవిడ చేతిలో పెడతాం, కింద మన చెయ్యి ఆనించి ఉంచుతాం. ఇత్తడి చెంబు బరువని ప్లాస్టిక్ మగ్గు ఇస్తే పక్కన పెట్టేశారు, చిన్న స్టీలు చెంబు ఇస్తే పట్టుకున్నారు. చేతికి తెలుసు, మాటకి తెలియకపోయినా.

రోజూ స్నానం అవసరం లేదని ఒప్పించడం అన్నిటికంటే కష్టమైంది. కొడుకు అస్సలు ఒప్పుకోలేదు, "మా అమ్మ స్నానం చెయ్యకుండా వంటింట్లో అడుగుపెట్టేది కాదండీ, ఇప్పుడు వారానికి రెండుసార్లంటే జనం ఏమంటారు" అన్నాడు. ఆ వయసు చర్మానికి రోజూ సబ్బు పెడితే పగిలి దురదలొస్తాయి అని చెప్పాను, మిగతా రోజుల్లో గోరువెచ్చటి తడిగుడ్డతో దుప్పటి కింద ఒక్కో భాగం తుడిస్తే చాలు, మూత్రం వెళ్ళేచోటు మాత్రం రోజూ శుభ్రం చెయ్యాలి, అందులో రాజీ లేదు. తడిగుడ్డ స్నానం మీద అమెరికాలో 15 నర్సింగ్ హోముల్లో చేసిన ట్రయల్ 2004లో వచ్చింది, మనిషికి తగ్గట్టు స్నానం మార్చినా, టవల్ స్నానం చేయించినా కొట్టడాలు సగానికి పైగా తగ్గాయి. అది చెప్పినా కొడుకు తల ఊపలేదు. ఒక ఆదివారం నువ్వే చేయించు బాబూ, పాత పద్ధతిలో అన్నాను. వద్దులెండి అన్నాడు, ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు.

ఆరో వారానికి పదిహేను రోజుల్లో గొడవలు రెండు. భుజం నొప్పి స్కోరు 2. రిస్పెరిడోన్ పూర్తిగా ఆగిపోయింది, చొంగ ఆగింది, నడక తేలికయింది. అంతా బాగైపోయిందని నేను చెప్పను, సాయంత్రం ఐదు దాటితే "మా ఇంటికి పోతా, పాలేరు వచ్చుంటాడు" అని తలుపు దగ్గరికి వెళ్ళడం అలాగే ఉంది, తన మెడలో నాను (బంగారు గొలుసు) కోడలు దాచేసిందన్న నింద కూడా ఉంది, అవి వేరే కథలు.

నాలుగో నెల్లో ఒక బుధవారం మళ్ళీ కొట్టారు, అదీ పీట మీద కూర్చున్నాక, చెంబు విసిరేశారు. కోడలు ఏడుస్తూ ఫోన్ చేసింది, మళ్ళీ మొదటికొచ్చాం సిస్టర్ అని. నిన్నటిదాకా బాగున్న మనిషి ఒక్క రోజులో మారితే అది జబ్బు ముదరడం కాదు, ఒంట్లో ఏదో కొత్తది వచ్చిందని అర్థం, ఇది మాత్రం ఇంట్లో పెద్దవాళ్ళున్న ప్రతివాళ్ళూ గుర్తుపెట్టుకోవాలి. సాయంత్రానికే మూత్రం పరీక్ష చేయించాం, ఇన్ఫెక్షన్. జ్వరం లేదు, మంట అని చెప్పలేదు, గొడవ ఒక్కటే లక్షణం. యాంటీబయాటిక్ మొదలుపెట్టిన నాలుగో రోజుకి మళ్ళీ చెంబు పట్టుకున్నారు.

డాలస్ కూతురు ఇప్పుడు వారానికి మూడు రోజులు సగం పూట మనిషిని పెట్టడానికి డబ్బు పంపుతోంది, ఆ మూడు మధ్యాహ్నాలూ కోడలు నిద్రపోతుంది, అది కూడా నేను చీటీ మీద మందులాగే రాసిచ్చాను. ఆదివారం కాల్‌లో ముందు వదినతో మాట్లాడి తర్వాతే అమ్మతో.

నేను ఇప్పుడు నెలకొక్కసారే వెళ్తున్నాను. నోటుబుక్కు రెండోది నడుస్తోంది. కిందటిసారి వెళ్ళినప్పుడు ఆఖరి పేజీలో కోడలి రాత ఇలా ఉంది: "11.20. మాత్ర 10.30 కి. లంగా తనే కట్టుకుంది, ముడి నేనేశా. మూడు చెంబులు తనే పోసుకుంది. చాలు అంది. ఆపేశాం."